మేడమ్ చెప్పిందని వేసిన చేను

నేను చెప్పే పాఠాన్ని ఎవరైనా నిజంగా నమ్ముతారని ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఎన్నడూ అనుకోలేదు. పిల్లలు రాసుకుంటారు, బట్టీ పడతారు, పరీక్షలో దించేసి మరిచిపోతారు. కదిరి నుంచి బస్సులో పోయి వచ్చే ఆ పల్లెటూరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పుకుంటూ నా మానాన నేను హాయిగానే ఉన్నాను. అలాంటిది తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నా పాఠాన్ని ఇంటికి మోసుకుపోయింది. ఇక చూసుకోండి, ఆ ఏడంతా నాకు తిన్న అన్నం ఒంటికి పట్టలేదు.

ఆ వేసవి సెలవుల్లో మాకు శిక్షణ ఇచ్చారు. సుస్థిరాభివృద్ధిని ఇకమీదట ప్రతి పాఠంలోనూ కలపాలన్నారు. లెక్కల్లో కలపండి, తెలుగులో కలపండి, ఆటల పీరియడ్‌లోనూ కలపండి అన్నారు. కూరలో ఉప్పు వేసినంత సులువుగా చెప్పేశారు మహానుభావులు! చేతికో పుస్తకం ఇచ్చి పంపారు.

బడి తెరిచాక మొక్కల పాఠంలో ఆ మాటను బోర్డు మీద రాశాను. ఒక్కరికీ నోరు తిరగలేదు. మనం వాడుకుంటూనే మన తర్వాత వాళ్లకు కూడా మిగిలేటట్టు బతకడం అని చెప్పాను. గోడకు చెప్పినట్టే ఉంది. విసుగొచ్చి, "స్థిరంగా ఉండటమమ్మా, స్థిరంగా!" అన్నాను. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే ఆ పిల్ల లేచి నిలబడింది.

"అంటే బెంగళూరికి పోకుండా ఈడనే ఉండేదా మేడమ్?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా దగ్గర ఊరందరిదీ ఒకటే పంట, వేరుశనగ; ఇక్కడ చెనక్కాయ అంటారు. ఆ పంట చేతికి రాని ఏడు, పీకేసిన మరునాటి నుంచే ఇళ్లకు తాళాలు పడతాయి. అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగు పనులకు పోతే వెనకే పిల్లలూ పోతారు. దసరా తర్వాత నా క్లాసులో బెంచీలు ఖాళీ అవుతాయి. ఈ పిల్లను బడికి తీసుకొచ్చిన రోజే వాళ్ల నాయన నాతో ఖరాఖండిగా చెప్పేశాడు: "ఈసారి కూడా చెనక్కాయ పోతే ఇంగ పాపను తీసుకొని పోతాం మేడమ్. ఒక్కదాన్నే యాడ విడిచిపెట్టేది?" పోయిన పిల్ల మళ్లీ చదువుకు రావడం అంత తేలిక కాదు. చలాకీ పిల్ల. అడగాల్సిన ప్రశ్న అడగకుండా కూర్చోదు.

"అవును, ఇంచుమించు అంతే," అన్నాను. ఆ ఊపులో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చేనంతా ఒకే పంట వేయకూడదు. కొర్ర, కంది, అలసంద, ఆముదం కలిపి వేయాలి. విత్తనాలకు మట్టి, బూడిద పట్టించి వాన రాకముందే పొడి నేలలో వేసుకోవచ్చు. ఒకటి పోతే ఇంకొకటి నిలబడుతుంది. బడి వెనక చిన్న మడి చేసి పిల్లలతో అట్లాగే విత్తించాను కూడా.

చెప్పానే గాని, నాకేం తెలుసు సేద్యం? మా అబ్బ, అంటే నాన్న, కదిరిలో దర్జీ. మా వంశంలో నాగలి పట్టినవాళ్లు లేరు. నాకు తెలిసిన మట్టి అంతా మేడ మీద గులాబీ కుండీలోదే.

కొన్నాళ్లకు ఆ పిల్ల బస్టాపు దాకా పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడమ్! మా నాయన వేసినాడు! మీరు చెప్పినట్టే చేను మొత్తం వేసినాడు!"

"మొత్తమా? కొంచెం వేసి చూడకూడదా?"

"మీరే కదా మేడమ్ చెప్పింది!"

ఈ సంగతి చెబితే మా హెడ్మాస్టరు కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమ్మా, పాఠం చెప్పమంటే సేద్యం చేయిస్తాండావా? ఆ చేను ఎండిపోతే ఆయప్ప వ్యవసాయ ఆఫీసుకు పోడు, నేరుగా ఈడికే వస్తాడు. చెప్తాండా, చూసుకో."

ఆ చేను బస్సు రోడ్డు పక్కనే ఉంది, అదీ నా ఖర్మ. పొద్దున ఎడమ కిటికీ, సాయంత్రం కుడి కిటికీ. ఒక వాన పడింది, మొలకలు వచ్చాయి. ఆ రోజు బస్సులో పక్కనున్న ముసలమ్మకు వేలు పెట్టి మరీ చూపించాను. ఆ తర్వాత వాన లేదు. గాలే గాలి. మబ్బులు వచ్చేవి, మా ఊరి మీదుగా చల్లగా జారుకునేవి. కణేకల్ వైపు పడిందట అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. అక్కడ కాలువ ఉంది కదా, వాళ్లకెందుకు మళ్లీ? ఫోనులో వాతావరణం చూసి చూసి బ్యాటరీ అయిపోయేది. క్లాసులో కిటికీ బయట కాస్త చీకటి పడితే చాలు, చెబుతున్న వాక్యం మధ్యలో ఆగిపోయేదాన్ని.

ఊళ్లో దానికి మేడమ్ చేను అని పేరు పడిపోయింది. బస్సు దిగగానే టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు, "ఏమప్పా, మేడమ్ చేను యాడికొచ్చింది?" అనేవాళ్లు, నాకు వినిపించేటట్టు. పైకి నవ్వేదాన్ని. లోపల ప్రాణం చచ్చిపోయేది.

బడి వెనక మడి మాత్రం పచ్చగా కళకళలాడుతోంది. మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు చేతులు కడుక్కున్న నీళ్లన్నీ దానికే పోతాయి. తనిఖీకి వచ్చిన అధికారి దాని ముందు నిలబడి ఫొటో తీయించుకొని, భేష్ అన్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ రైతు చేనులో ఎవరు చేతులు కడుక్కుంటారు?

ఆ పిల్ల రోజూ వార్త తెచ్చేది. "అలసంద వాడిపోయింది మేడమ్." "కొర్ర తెల్లబడింది మేడమ్." పాఠం చెప్పాను గాని వేయమన్నానా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆ పిల్ల ముఖంలో నా మీద కోపం ఇసుమంత లేదు. నేను ఏదో ఒకటి చేస్తాననే నమ్మకంతో చూసేది. అదే నాకు భయం.

వాన వచ్చింది, ఆలస్యంగా. అప్పటికి కొర్ర గడ్డి అయిపోయింది. చుట్టుపక్కల వేరుశనగ కూడా సగానికి సగం పోయింది గాని, అది నాకు ఊరట కాలేదు. వాళ్లెవరూ నా మాట విని వేయలేదు కదా.

దసరా అయింది. తాళాలు మొదలయ్యాయి. హాజరు పిలుస్తూ ఆ పిల్ల పేరు దగ్గరికొచ్చేసరికి ముందుగా కిటికీ పక్క బెంచీ వైపు చూసేదాన్ని. ఒక సోమవారం పిలిస్తే పలకలేదు. మళ్లీ పిలిచాను. పిల్లలు నా ముఖం చూశారు.

మధ్యాహ్నం వాళ్ల నాయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి, స్టాఫ్ రూము గడప దగ్గర నిలబడ్డాడు. హెడ్మాస్టరు నన్నొకసారి చూసి, ఏదో పనున్నట్టు బయటికి పోయాడు.

"కొర్ర పోయింది మేడమ్," అన్నాడు. "కంది నిలబడింది. పూత మీద ఉండాది."

"అన్నా, నాకు సేద్యం తెలీదు. పుస్తకంలో ఉన్నది చెప్పాను. నీకు నష్టం..."

"పుస్తకంలోదని నాకు తెల్దా మేడమ్? చెనక్కాయ వేసినా పోయేదే." భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. "రేపు బెంగళూరికి పోతాండా."

"పాప?" అన్నాను.

"నేనొక్కన్నే. చెనక్కాయైతే పీకేసి అందరమూ పోతాంటిమి. కంది కోతకు ఇంగా రెండు మూడు నెలలు పడుతుంది. చేను విడిచిపెట్టి పోతే గొర్రెలు మేసిపోవా? ఇంటామె, పాప ఈడనే ఉంటారు. ఈ పొద్దు నాకు దావలో తినేకి రొట్టెలు చేస్తాండారు, అందుకే పాప రాలేదు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకున్నాను. అల్లా, చాలు, ఇంక నాకేమీ వద్దు అనుకున్నాను. ఇంతలో ఆయన అడిగాడు: "సరే గాని మేడమ్, వచ్చే ఏడు ఏం వేయమంటారు?"

ఆ క్షణందాకా ఉన్న సంతోషమంతా ఎటు పోయిందో పోయింది. పుస్తకం పేజీలన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఒక్కదాంట్లోనూ ఆయన చేను లేదు.

"తెలీదన్నా," అన్నాను. "నిజంగా తెలీదు."

ఆయన చెప్పులు వేసుకున్నాడు. "తెలీకుంటే తెలుసుకోండి మేడమ్. పాప మీ క్లాసులోనే ఉంటాది కదా."