నాలుగో నకలు

ధనంజయ 1971లో చిత్తూరు దగ్గర ఒక చిన్న స్టేషన్‌లో గూడ్స్ గుమాస్తాగా చేరాడు. బస్తాలు బండెక్కే ముందు వాటికి రసీదు రాయడం ఆయన పని. కార్బన్ కాగితాలు పెట్టి ఒకేసారి నాలుగు నకళ్లు రాయాలి. పైది సరుకు పంపినవాళ్లకు, అడుగున ఉండే నాలుగోది సరుకు వెంట. నాలుగోదాని మీద అక్షరాలు ఎప్పుడూ పలచనే. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆయనతో సహా.

మూడో ఏడు మునిలక్ష్మి గూడూరుకు నలభై బస్తాల బెల్లం వేసింది. భర్త పోయాక గానుగ ఆమే ఆడిస్తోంది. దారిలో బండి మారేచోట ఎవరో నాలుగో నకలు చూసి గూడూరును గుడివాడ అని చదివారు. బెల్లం గుడివాడ చూసుకొని, పంతొమ్మిది రోజులకు గూడూరు చేరింది. మధ్యలో వానలు పడ్డాయి. గోతాలు మాత్రం లెక్కకు సరిపోయాయి.

పైఆఫీసు సంజాయిషీ అడిగింది. తప్పు చదివినవాడి మీదకు నెట్టెయ్యమని తోటివాళ్లు చెప్పారు. ధనంజయ రెండు రోజులు ఆలోచించి, 'నేను గట్టిగా వత్తి రాయలేదు' అని ఒక్క వాక్యం రాసి పంపాడు. మునిలక్ష్మికి పరిహారం వచ్చింది. ఆయనకు రావలసిన ప్రమోషన్ ఆగింది.

మరుసటి ఏడు ఆమె మళ్లీ బెల్లంతో వచ్చింది.

"నాలుగోది సూపించు సామీ."

"నీకు చదవను రాదు కదక్కా."

"సదవను రాదు. నలుపు తెలస్తాది."

కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "ఇంగోసారి రాయి," అంది. మూడోసారికి ఒప్పుకుంది. అది చూసి మిగతా రైతులూ నాలుగోది అడగసాగారు. ఆయన వేలు కాయ కాసింది. కోపం రాలేదా అని భార్య వరదమ్మ అడిగితే, "వాళ్లడిగేది న్యాయమే కదా," అన్నాడు.

1983లో టైపు మిషన్ వచ్చింది. నలభై దాటిన వయసులో రెండు నెలలు కూర్చుని నేర్చుకున్నాడు. నాలుగోదీ మొదటిదీ ఒకే తీరుగా ఉన్నాయని మునిలక్ష్మి ఒప్పుకున్న రోజు, ఇంటికి జిలేబీ తీసుకెళ్లాడు. కానీ అప్పటికే పైవాళ్లు బస్తాల లెక్కన సరుకు వద్దని, నిండు వ్యాగన్ ఉంటేనే తెమ్మని అంటున్నారు. నిండు వ్యాగన్ బెల్లం ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. మూడేళ్లకు గూడ్స్ ఆఫీసు మూసేసి, ఆయనను వేరే ఊరి టికెట్ కౌంటర్‌కు మార్చారు.

చెప్పిపోదామని మునిలక్ష్మి ఇంటికి వెళ్లాడు. వాకిట్లో లారీకి బస్తాలు ఎత్తుతున్నారు.

"రసీదు యాడుండాది అక్కా?"

"రసీదు యాడిది సామీ? డ్రైవరుకు నోటితో సెప్తా. పోయి సేరతా ఉండాది."

ఆమె మజ్జిగ ఇచ్చింది. తాగి, బస్సు వేళవుతోందని లేచాడు.