మోగని పాటకు తల ఊపిన వేళ

చెవుల వల్ల కొంప మునిగినవాణ్ని మీరు చూసి ఉండరు. ఇదిగో, నన్ను చూడండి. మునిగింది కొంప మొత్తం కాదులెండి, ఒక్క గదే. కాకపోతే ఆ ఇంట్లో నేను కలలు కనడానికి మిగిలిన చోటు అదొక్కటే.

కొన్నేళ్ల కిందట హై రెజల్యూషన్ ఆడియో అనే వింత మా దాకా వచ్చింది. ఒక్కో పాట ఫైలు ఎడ్లబండికెత్తాల్సినంత బరువు. ముచ్చటపడి కొన్నాను, విన్నాను. మామూలు ఎంపీత్రీకీ దానికీ తేడా తెలిస్తే ఒట్టు! వినలేక మద్దెల ఓడన్నట్టు, "గిది గబ్బిలాలకు జేసిన సంగీతం, మనుషులకు గాదు" అని మా ఊరు లక్సెట్టిపేటంతా చాటింపు వేశాను.

తర్వాత వయసు మీద పడి, ఒక వానాకాలం సాయంత్రం చూరు నీళ్లు చూస్తూ కూర్చుంటే మనసు మెత్తబడింది. పాపం, దానికి ఇంకో అవకాశం ఇద్దామనుకున్నాను. ఇచ్చేవాణ్ని నేనట!

మా ఆవిడ సుజాత జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. ఆ మగ్గం వంటింటి దారికి అడ్డంగా ఉండేది. వెనక గదిలో నా స్పీకర్లు, వైర్లు కాళ్లు చాపుకొని పడుకునేవి.

"మల్ల కొత్త డబ్బాలు కొంటవా? గా ఎనక అర్ర నాకియ్యి. గీ ఇరుకుల కూసుండి నడుములు పోతున్నయ్."

"జర ఓపిక పట్టు. ఈసారి తేడా కచ్చితంగ చెప్త."

"చెప్పకపోతే?"

"అర్ర నీదే!"

సుజాత తమ్ముడు రమేశ్‌కు శ్రీరాంపూర్ బొగ్గు గనిలో ఉద్యోగం. దుబాయి దోస్తు తెచ్చిచ్చిన ప్లేయరు, హెడ్‌ఫోన్లు అతని దగ్గరున్నాయి. అతనికి సెలవున్న రోజు నేనూ సుజాతా వెళ్లాం. కోడికూర భోజనమయ్యాక, వాళ్ల క్వార్టర్‌లోనే పరీక్ష.

"బావా, ఒక్కటే పాట రెండుసార్లు పెడత. ఒకటి ఎంపీత్రీ, ఒకటి హై రెజ్. ఏది ఏందో నువ్వు జెప్పాలె."

"పెట్టుర బై. నాయి పాము చెవులు!"

హెడ్‌ఫోన్లు తగిలించగానే లోకం దుప్పటి కప్పుకుంది. మొదటి పాట వచ్చింది. ఒకామె గొంతు, వెనక డప్పు. పాట అయిపోగానే "గిది ఎంపీత్రీ, నిన్నటి అంబలి" అని తీర్పు చెప్పి, మళ్లీ కళ్లు మూశాను.

రెండోది మొదలైంది. అబ్బ, ఎంత నెమ్మదిగానో! ముందు నిశ్శబ్దం. మామూలు నిశ్శబ్దం కాదండీ, పెరుగు మీద మీగడలాంటిది. దాని మీద తేలుతూ తేలుతూ ధర్మపురి చేరుకున్నాను. తెల్లవారుజాము. గోదారి మీద మంచు. నేను తెప్ప మీద వెల్లకిలా పడుకున్నాను, నీళ్లు అడుగునుంచి వీపు నిమురుతున్నాయి. అవతలి ఒడ్డున ఎవరో మంట వేసి డప్పు కాస్తున్నారు. వెలుగు కనిపిస్తోంది, దెబ్బ ఇంకా పడలేదు. ఎదురుచూశాను.

పడింది. ఒకే ఒక్క దెబ్బ! అది చెవిలోంచి రాలేదు. భూమిలోంచి కుర్చీ కాళ్లలోకి, అక్కణ్నుంచి వెన్నులోకి ఎక్కి, గుండెను పట్టి ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. హెడ్‌ఫోన్లు పీకేసి లేచి నిలబడ్డాను.

"గిదే! గిదే హై రెజ్! డప్పు కొడితే భూమి కదలాలె! సుజాతా, అర్ర మీద ఆశ ఇడిసిపెట్టు!"

రమేశ్ నోరు తెరిచి నా వైపే చూస్తున్నాడు.

"బావా, రెండో పాట నేనింక పెట్టనేలే. బ్యాటరీ అయిపోయింది. చార్జర్ దేవులాడుతున్న."

"మరి డప్పు?"

"పక్కన ఓపెన్ కాస్టు గనిల బ్లాస్టింగ్ అయింది. రోజు గీ టైముకే అయితది. సైరన్ గూడ మోగె గదనే!"

చెవిటివాడి ముందు శంఖం ఊదడం మీరు విన్నారు. ఊదని శంఖానికి కంటతడి పెట్టినవాణ్ని నేనొక్కణ్నే.

సుజాత వెంటనే నవ్వలేదు. నా భయమూ అదే.

"నీ పాట మంచిగనే ఉన్నదయ్యా. దానికి అర్ర ఎందుకు? రోజు గీ యాళ్లకు గిక్కడికొచ్చి కుర్సీల కూసో. ఫుకట్ల ఇనొచ్చు."

అప్పుడు నవ్వారు అక్కాతమ్ముళ్లిద్దరూ. మళ్లీ బ్లాస్టింగ్ అయిందేమోనని కిటికీలు చూసుకున్నాను.

కాస్త చార్జింగ్ ఎక్కాక రమేశ్ అసలు రెండో పాట పెట్టాడు. పాటకు ముందు ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. చెయ్యి కదిలినట్టుంది, గాజులు సన్నగా గలగలమన్నాయి. మొదటిసారి ఇవేవీ నాకు వినపడలేదు. నిజమండీ! కానీ ఇప్పుడే గనిని డప్పన్నవాడు, గాజులంటే నమ్మేదెవరు? గమ్మున హెడ్‌ఫోన్లు సుజాత చేతికిచ్చాను.

ఆమె కళ్లు మూసుకుంది. ఎక్కడికి వెళ్లిందో, ముఖమంతా చల్లబడింది.

"గాజుల సప్పుడైతున్నది గద?"

"నాకూ ఇనొచ్చింది! ఊపిరి గూడ! అంటే నేనే గెలిచిన!"

"చెప్పింది నేను. అర్ర నాదే."

ఇప్పుడు ఆ గదిలో మగ్గం ఉంది. దాని పక్కనే రమేశ్ అక్కకిచ్చిన ప్లేయరూ ఉంది. సుజాత పూసలు కుడుతూ తల ఊపుతుంటే, నేను గడప మీద కూర్చుని ఏ పాటో ఊహించుకుంటాను.

కాబట్టి సభాముఖంగా శపథం చేస్తున్నాను. ఇకమీదట ఏ పాటైనా మొదలైందో లేదో పక్కవాళ్లను అడిగి, చుట్టుపక్కల బొగ్గు గని లేదని తేల్చుకుని, ఆ తర్వాతే కళ్లు మూస్తాను. నా రెండు చెవుల మీద ఒట్టు వేయబోతే సుజాతే ఆపింది.

"వాటి మీద వద్దయ్యా. పనిజేసే దేని మీదన్న ఎయ్యి."