గుడ్ నైట్ అంటూ తలుపు తీసిన ఆంటీ

మా ఇంటి ఓనరు ఆంటీ పోయారు. ఆఫీసు మీటింగులో ఉండగా ఆమె కూతురి ఫోన్ వచ్చింది. బయటికి వచ్చి మాట్లాడాను. "పొద్దున కుర్చీలో కూర్చునే పోయింది. టీ సగం తాగింది," అన్నారామె. కూతురు నర్సు. తల్లి గుండె సంగతి ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. నేను ఏదైనా అనాలనుకున్నాను. ఏమీ రాలేదు. నాకు సమయానికి మాట రాదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆంటీది జమైకా. ఆమె పాడిన ఒక పాట ఆ దేశంలో పెద్దతరం వాళ్ళందరికీ నోటికి వచ్చు. పాడింది ఆమె అని మాత్రం చాలామందికి తెలియదు. న్యూజెర్సీలో, ఎడిసన్‌కి కాస్త దూరంగా, ఒక చిన్న ఇంట్లో కింద ఆమె, పై గదిలో నేను ఉండేవాళ్ళం. ఆమె ఇంగ్లీషు వేరు, నా ఇంగ్లీషు వేరు. ఆమె మాటల్ని నాకు వినపడిన తీరులోనే తెలుగులో రాస్తున్నాను.

ఆ గది సంగతి చెప్పింది మా పాస్టరమ్మగారు. మా తెలుగు చర్చికి సొంత మందిరం లేదు. జమైకా వాళ్ళ చర్చిలో వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మేం కూడుకుంటాం. "పెద్దావిడమ్మా, ఒక్కతే ఉంటది. పైన రూమ్ ఖాళీ అంట. ఆఫీస్ అయ్యాక ఒకసారి చూసి రా. నువ్వే నోరు తెరిచి అడగాలి మరి, ఆవిడొచ్చి నిన్ను బ్రతిమాలదు," అన్నారు పాస్టరమ్మగారు.

జనవరి సాయంత్రం. ఆరింటికే చిమ్మచీకటి. గుమ్మం ముందు మెట్ల నిండా మంచు. తలుపు కొట్టాను. పొడవాటి ఆవిడ తలుపు తీసి, నన్ను నిదానంగా చూసి, చాలా లోతైన గొంతుతో "గుడ్ నైట్" అన్నారు.

ఏలూరు కాన్వెంటులో సిస్టర్లు మాకు మర్యాదలు నేర్పారు. వచ్చినప్పుడు గుడ్ ఈవెనింగ్, వెళ్ళేటప్పుడు గుడ్ నైట్. తప్పు చెప్తే గుమ్మం బయటికి పంపి మళ్ళీ లోపలికి రప్పించేవారు. కాబట్టి నాకు అర్థమైంది ఒకటే. ఆవిడకి గది ఇవ్వడం ఇష్టం లేదు. "గుడ్ నైట్, మ్యామ్," అని మెట్లు దిగడం మొదలుపెట్టాను.

"ఏయ్ పిల్లా! గది చూడకుండానే నచ్చలేదా?"

"మీరు గుడ్ నైట్ అన్నారు కదా, మ్యామ్."

ఆవిడ తలుపు పట్టుకుని నవ్వారు. ఊపిరి అందక ఆగి, మళ్ళీ నవ్వారు. "మా దేశంలో చీకటి పడ్డాక ఎవరు కనిపించినా అదే అంటాం. అది వచ్చినవాళ్ళని పలకరించే మాట. రా లోపలికి, చలి ఇంట్లోకి వచ్చేస్తోంది."

మ్యామ్ అనవద్దన్నారు. మరి ఏమనాలని అడిగితే మీ వాళ్ళు ఏమంటారని అడిగారు. పెద్దవాళ్ళను ఆంటీ అంటామన్నాను. "మేమూ అంతే," అన్నారు. అలా ఆంటీ అయ్యారు.

నేను పుస్తకాలు చదువుకుంటూ ఉండిపోయే మనిషిని. శనివారాలు కిందినుంచి చీపురు కర్రతో సీలింగ్ మీద పొడిచి పిలిచేవారు. దిగితే సూప్ ఉండేది. క్రిస్మస్‌కి ఒక ఎర్రటి పానీయం చేశారు. అల్లం ఘాటు వెనక ఏదో బాగా తెలిసిన పులుపు. రెండో గుక్కలో తెలిసింది, గోంగూర. మరునాడు మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్ళి గోంగూర కట్ట తెచ్చి చూపించాను. ఆంటీ ఆకు నలిపి వాసన చూశారు. "ఇదే మొక్క! మేం పువ్వు కింది ఎర్ర దొప్పలు కాచి తాగుతాం. మీరు ఆకులు తింటారా? మేకల్లాగా?" అన్నారు. పచ్చడి చేసి పెట్టాక మేకల ఊసెత్తలేదు.

ఒక ఆదివారం మా ఆరాధన చూడడానికి ఆగారు. బయటికి వచ్చాక, "డ్రమ్ము దెబ్బ పడినప్పుడే నువ్వూ చప్పట్లు కొడుతున్నావు. అక్కడ డ్రమ్ము ఉంది కదా, నువ్వెందుకు? దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీగా ఉన్నచోట కొట్టు," అన్నారు. వంటగదిలో బల్ల మీద వేలితో కొట్టి చూపించారు. నాకు రాలేదు. ప్రతిసారీ ముందే కొట్టేసేదాన్ని. "తొందరపడకు. పాట నిన్ను వదిలేసి ఎక్కడికీ పోదు," అనేవారు.

తన సంగతులు గిన్నెలు తుడుస్తూ ముక్కలు ముక్కలుగా చెప్పారు. చర్చిలో పాడే పిల్ల. కింగ్‌స్టన్‌లో పాటల పోటీకి వెళ్తే జనం మొదట ఈలలు వేసి గోల చేశారట. రెండో చరణానికి ఊరుకున్నారట. అక్కడినుంచి స్టూడియోకి పిలుపు. ఆ స్టూడియో గడప తొక్కిన మొదటి ఆడపిల్లల్లో ఆమె ఒకరు. ఒకటే మైకు, దాని చుట్టూ వాయించేవాళ్ళంతా. ఒకరు తప్పు వాయిస్తే అందరూ మళ్ళీ మొదలు. గొంతు పెంచాల్సిన చోట మైకుకి దూరంగా ఒక అడుగు వెనక్కి వేయాలి. అది ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టారు.

ఆ రోజుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి ఆరుబయట డాన్సులు జరిపేవారు. కొత్త రికార్డు ముందు అక్కడే మోగేది. మర్యాదస్తుల ఇంటి పిల్ల అక్కడికి వెళ్ళకూడదు. అందుకని రేకుల కంచె బయట నిలబడి తన పాట తను మొదటిసారి విన్నారు. లోపల జనం అరుస్తున్నారు, మళ్ళీ వెయ్యమంటున్నారు. రికార్డు మీద మాత్రం బ్యాండు నడిపే ఆయన పేరొక్కటే వేశారు. తరవాతి రికార్డుల మీద ఆమె పేరు వచ్చింది. లండన్ వెళ్ళి పాడారు. అమెరికా వచ్చి పెళ్ళి, పిల్ల, ముసలివాళ్ళ హోమ్‌లో ఉద్యోగం. కానీ జనం అడిగేది ఎప్పుడూ ఆ మొదటి పాటే. పాడింది ఎవరో అమ్మాయి అనేవారు.

పోయిన నవంబర్‌లో ఇక్కడి జమైకా వాళ్ళు ఒక స్కూలు ఆడిటోరియంలో పాత పాటల కార్యక్రమం పెట్టారు. ఆ అమ్మాయి ఈ ఊళ్ళోనే ఉందని వాళ్ళకి అప్పుడే తెలిసింది. ముందు వరసలో కూర్చోబెట్టి పూలిస్తాం, పాట వేరే గాయని పాడుతుంది అన్నారు. ఆంటీ ఒప్పుకోలేదు. నేనే పాడతానన్నారు.

అప్పటికి ఆమె గుమ్మం ముందు మెట్లు కూడా మధ్యలో ఆగి ఎక్కుతున్నారు. కూతురు వచ్చి వాదించారు. నేను మేడమెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒక్క పేజీ తిరగలేదు.

"అమ్మా, నీ గుండె ఎంత పనిచేస్తోందో డాక్టర్ చెప్పాడు కదా. వినలేదా?"

"విన్నాను. పాడకూడదని అనలేదు."

"స్టేజి మీద పడిపోతే?"

"పడితే లేపండి. మీరంతా ఉన్నారుగా."

చివరికి కూతురు ఒక దారి చెప్పారు. పాత రికార్డు వెనక వేస్తారు, ఆమె మైకు పట్టుకుని నోరాడిస్తే చాలు. "ఆ పాట మీద నా పేరు వెయ్యలేదు. ఇప్పుడు నోరు కూడా ఊరికే ఆడించాలా?" అన్నారు ఆంటీ.

ఆ సాయంత్రం ఆడిటోరియంలో కూతురు నన్ను పక్కకి పిలిచారు. "నేను కర్టెన్ పక్కన ఉంటాను. నాకు అమ్మ వీపే కనపడుతుంది. నువ్వు వెనక సౌండ్ చూసే ఆయన దగ్గర కూర్చో. రికార్డు రెడీగా ఉంది. అమ్మకి ఊపిరి అందడం లేదనిపిస్తే చెయ్యెత్తు, ఆయన రికార్డు వేసేస్తాడు. ఆ ముఖం రోజూ చూసేది నువ్వే. ప్లీజ్." నేను తలూపాను. కాదని చెప్పే ధైర్యం ఉంటే బాగుండేది.

సౌండ్ చూసే ఆయన ఆ స్కూల్లోనే పనిచేసే తెల్లజుట్టు అమెరికన్. మంచి మనిషి. నాకు చూయింగ్ గమ్ ఇచ్చాడు. కాగితం విప్పకుండా గుప్పిట్లోనే ఉంచుకున్నాను.

ఆంటీ నీలం గౌనులో వచ్చారు. స్టూలు వేసి ఉంచారు గాని కూర్చోలేదు. మైకు స్టాండు పట్టుకుని జనాన్ని ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా చూశారు. "గుడ్ నైట్," అన్నారు.

"గుడ్ నైట్!" అని హాలంతా ఒక్కసారిగా బదులిచ్చింది.

"అయ్యో, అప్పుడే వెళ్ళిపోతున్నారా? పాపం, చేతకాలేదు కాబోలు," అని నా పక్కన సౌండ్ చూసే ఆయన జాలిగా మైకు ఆపేసి రికార్డు వేశాడు.

బాకాలు మొదలయ్యాయి. ఆ వెంటనే పదిహేడేళ్ళ ఆంటీ గొంతు, సన్నగా, ఏ భయమూ లేకుండా, హాలు నిండా. జనం లేచి చప్పట్లు. స్టేజి మీద ఆంటీ పెదవులు బిగించుకుని నిలబడ్డారు. నోరు ఆడించలేదు.

"కాదు. అది హలో," అన్నాను. నాకే వినపడలేదు.

"ఏంటి?"

"హలో! ఆవిడ హలో చెప్పారు! ఆపండి!"

నా ముందు రెండు వరసలు వెనక్కి తిరిగాయి. నేనంత గట్టిగా అరవగలనని నాకు తెలియదు. ఆయన కంగారుగా రికార్డు ఆపి మైకు మళ్ళీ పెంచాడు. నిశ్శబ్దంలోకి ఆంటీ గొంతు వచ్చింది. "ఆ పిల్ల బాగానే పాడింది. ఇప్పుడు నన్ను పాడనివ్వండి."

నవ్వులు. బ్యాండు ఎత్తుకుంది. ఆంటీ పాడారు. గొంతు బాగా కిందికి దిగింది, అంచులు గరుకుగా ఉన్నాయి. ఎవరూ ఆ సన్నని గొంతు కోసం చూడలేదు. మొదటి చరణం అయింది, రెండోదీ అయింది. మూడో చరణం సగంలో ఆగిపోయారు.

స్టాండు మీద వేళ్ళు బిగుసుకున్నాయి. తల వాలింది. బ్యాండు వాయిస్తూనే ఉంది. కర్టెన్ వెనకనుంచి కూతురు ఒక అడుగు బయటికి వచ్చి హాలు మీదుగా సూటిగా నన్ను చూశారు. పక్కన ఆయన రికార్డు మీట మీద వేలు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. "వెయ్యనా? మిస్, వెయ్యనా?"

రోజూ మెట్ల దగ్గర చూసే ముఖం కాదది. అలసటో నొప్పో చెప్పలేకపోయాను. చెయ్యెత్తితే ఆమె అవమానంతో బతుకుతారు. ఎత్తకపోతే ఏమవుతుందో కూతురికి తెలుసు, నాకూ తెలుసు. నా చెయ్యి ఒళ్ళో ఉంది.

అప్పుడు ఆమె చూపుడువేలు చూశాను. స్టాండు మీద మెల్లగా పడుతోంది. డ్రమ్ము పడినప్పుడు కాదు. దాని తరవాత, ఖాళీగా ఉన్నచోట. ఒక్కటీ తప్పడం లేదు.

"వద్దు," అన్నాను.

బ్యాండు అదే చోట తిరిగి తిరిగి వాయించింది. ఆమె తలెత్తారు, ఊపిరి తీసుకున్నారు, ఆగిన మాట దగ్గరనుంచే ఎత్తుకున్నారు. చరణం పూర్తయింది. ఆఖరి వాక్యం ఒక్కటే ఊపిరి చాలక పాడలేదు. బ్యాండు ముగించింది. ఆమె స్టూలు మీద కూర్చునేసరికి కూతురు చెయ్యి ఆమె నాడి మీద ఉంది.

కారులో నేను వెనక సీట్లో కూర్చున్నాను. కూతురు ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్ పెంచి, కదలకుండా ఉండిపోయారు. పార్కింగులోంచి కార్లన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి.

"చెయ్యి ఎందుకు ఎత్తలేదు?" అని అడిగారు, వెనక్కి తిరక్కుండా.

"వేలు... వేలు ఆడుతోంది."

"ఏ వేలు? అమ్మ అక్కడే చనిపోతే? నా చేతుల్లో చనిపోయి ఉంటే?"

నేను సీటు బెల్టు వెతుక్కున్నాను.

"నేను పక్కనే ఉన్నాను. లేనట్టు మాట్లాడుకోకండి," అన్నారు ఆంటీ. "ఆఖరి మాట ఒకటి మిగిలిపోయింది. అది వినేసి తర్వాత తిట్టుకోండి."

రమ్మని పదే పదే పిలిచే మగవాడికి పాటలోని అమ్మాయి చివర ఇచ్చే జవాబది. నేను రాను, నువ్వే రా. ఆంటీ సీటుకి తల ఆనించి మొదలుపెట్టారు. గొంతు పెగల్లేదు. హీటర్ హోరులో కలిసిపోయింది. మళ్ళీ మొదలుపెట్టారు.

కూతురు చెయ్యి చాచి హీటర్ ఆపేశారు.

చలి వెంటనే లోపలికి వచ్చింది. ఆంటీ ఆ ఒక్క వాక్యాన్నీ తొందరపడకుండా, ఊపిరి కావలసిన చోటల్లా ఆగుతూ పాడారు. పాడిన ప్రతి మాటకీ ముందు అద్దం మీద ఆవిరి పట్టింది. కూతురు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని దాన్నే చూస్తున్నారు. అద్దం మొత్తం తెల్లబడి, బయటి దీపాలు మసకబారి, రోడ్డు కనపడకుండా పోయింది. ఎవరం దాన్ని తుడవలేదు.