ఏ దారమని అడగలేదు

నిన్న మనవరాలు గౌను అంచున వేలాడే దారాన్ని అగ్గిపుల్లతో కాల్చింది. దారం ముడుచుకుని గట్టి పూసైంది. ఆ వాసనకు నా పాత కోపం లేచింది. లింగయ్య మేస్త్రి మీది కోపం. ఆయన పోయినా అది పోలేదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే ఆ పిల్లే రాస్తోంది.

మేము బతకపోయిన ఊళ్లో వరాలా తలావ్ అనే చెరువు పక్కన మేస్త్రికి బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. మా ఆయన అందులో పనిచేసేవాడు. నేను అక్కడే కామత్‌ఘర్‌లో, బట్ట నేసే సాంచాల కోసం కండెలకు దారం చుట్టేదాన్ని. మధ్యాహ్నం సద్ది తీసుకుపోతే మేస్త్రి, "ఊకె నిలవడకు బిడ్డా. ఇంజన్ సప్పుడు విను, దానికేం రోగమో చెప్పు" అనేవాడు. చదువురాని ఆడదాన్ని ఏదైనా అడిగిన మొదటి మనిషి ఆయనే. అందుకే కోపం ఇంత లోతు.

ఒక సేటు తన జీపుకు టర్బో పెట్టమన్నాడు. ఇంజన్ వదిలే పొగతో తిరుగుతూ ఇంజన్‌లోకే గాలి నెట్టే చక్రం అది. నడుస్తుంటే నిప్పుకణికలా కాలుతుంది. ఎక్కడ బిగించాలన్నదే తగువు.

"ఇంజన్ పక్కన బ్రేకు పైపున్నది, అది ఉడికితే బ్రేకు పట్టది. కిందికి, ఎనుకకు పెట్టు" అన్నాడు మేస్త్రి.

"గంత దూరం పెడితే జోరు రాదు మామా. సేటు బానెట్ ఎత్తి సుట్టాలకు సూపియ్యాలె గద" అన్నాడు మా ఆయన.

"మనకెందుకు లొల్లి, దారమే చెప్తది. బిడ్డా, దారముంటే ఇయ్యి."

నా కొంగున చుట్టుకున్న దారం ఇచ్చి పనికి పోయాను. ఎందుకని నేను అడగలేదు, ఏ దారమని ఆయన అడగలేదు. టర్బో చుట్టూ ఉన్న పైపులకు నూలు దారం కట్టి ఇంజన్ నడపడం ఆయన పద్ధతి. దారం నల్లబడితే ఆ చోటు పనికిరాదు. అది నాకు తర్వాతే తెలిసింది. మా సాంచాల్లో ఆ నెలే నూలు పోయి పాలిస్టర్ వచ్చింది.

టర్బోను ముందు ఇంజన్ పక్కన పెట్టి నడిపి చూస్తే దారం ఎక్కడా నల్లబడలేదు. బ్రేకు పైపు మీద అసలు లేనేలేదు. జారిపడిందనుకుని టర్బోను అక్కడే బిగించారు. నాలుగో రోజు కాశేలి వంతెన దిగుతూ, మా ఆయన నడుపుతున్న జీపు ఆగి ఉన్న లారీని గుద్దింది. "బ్రేకు మెత్తగ పోయిందే" అన్నాడు ఆస్పత్రిలో మా ఆయన. అదే చివరి మాట.

దినాలయ్యాక షెడ్డుకు పోయాను. నుజ్జయిన జీపు అక్కడే ఉంది.

"దారం నల్లవడలె బిడ్డా. నా కండ్లతోని సూసిన" అన్నాడు మేస్త్రి.

వంగి బ్రేకు పైపును తడిమాను. గోటికి గట్టి పూస తగిలింది.

"ఇది నూలు కాదు మామా. పాలిస్టర్. నల్లవడది, కరిగి పూసయితది. కండెలు చుట్టే ఏ ఆడదాన్నడిగినా చెప్తది."

"మా కాలంల దారమంటే నూలే గద."

"ఇంజన్‌కేం రోగమని దినాం అడుగుతివి. దారం నా పని. దాని గురించి ఒక్కపారి అడగకపోతివి."

ఆయన ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. ఇప్పుడు బతికి ఎదురొచ్చినా ఓదార్చను.

కానీ ఆయన అడిగే అలవాటు నాకు అంటుకుంది. పక్కింటివాళ్లు మూరెడు దారం ఇవ్వమన్నా, దేనికో చెప్పేదాకా పిడికిలి విప్పను. ముసల్దానికి దారం మీద కూడా పిసినారితనమే అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.