ముదీరు బెల్టు వెనక నడిచే మనిషి

రెండువేల ఇరవై రెండు, జనవరి నెల రెండో శనివారం, పొద్దున తొమ్మిది దాటి పది నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ సంగతి జరగ్గానే అక్కడున్న మేడం గడియారం చూసి కాగితం మీద టైం వేసుకుంది, నేను తొంగి చూశాను. అప్పట్లో ఏ కాగితం కనబడినా తొంగి చూసేవాణ్ని. చదువు కొత్త కదా.

ఆ రోజుల్లో నేను మంచి వయసులో ఉన్నాను. అంటే యాభై తొమ్మిది. నవ్వకండి. మీరంతా పలక పట్టిన నాటి నుంచి చిన్నతనం లెక్కపెట్టుకుంటారు. నేను పలక పట్టింది కరోనా కాలంలో. గల్ఫ్‌లో మేముండే మఫ్రఖ్ కాంపులో అందరినీ గదుల్లో పెట్టి తలుపులు వేసినప్పుడు, పై మంచం మీది ఎలక్ట్రీషియన్ ఏమీ తోచక నాకు ఫోన్‌లో అఆలు నేర్పించాడు. ఆ లెక్కన ఈ సంగతి జరిగేనాటికి నా అక్షరాల వయసు రెండేళ్లు కూడా లేదు. కాబట్టి ఇది నా చిన్ననాటి ముచ్చటే. ఒప్పుకోనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం కోపం లేదు.

నాది జగిత్యాల దిక్కు. ముసఫ్ఫాలో ఒక కంపెనీ ఆఫీసులో చాయ్ పని చేసేవాణ్ని. అక్కడ అందరికంటే పెద్ద మా ముదీరు. ముదీర్ అంటే మేనేజరు. ఆయనది గుంటూరు, నాకంటే పదేళ్లు చిన్న, నాకంటే రెండింతలు లావు. ఆయన చెయ్యి జారి ఏది కింద పడినా ఎత్తి ఇచ్చేది నేనే. పెన్ను, ఫోను, బండి తాళాలు, బిస్కెట్ ముక్క. ఆయన వంగడు. వంగలేడో, వంగకూడదో నాకు తెలియదు. పదహారేళ్లలో ఆయన నడుము వంగడం నేను చూడలేదు. డాక్టరు ఒంటికి కాస్త కదలిక ఉండాలి అన్నాడట. ఈయన నడవొచ్చు, ఈత కొట్టొచ్చు. ఆ రెంటికీ సామాను పెద్దగా అక్కరలేదు కదా, అందుకే నచ్చలేదు. తుపాకీ ఆట పట్టుకున్నాడు.

ఆ ఆట గురించి తెలియనివాళ్లకు చెబుతాను. ఒకచోట నిలబడి గురి చూసి కాల్చేది కాదు. చెక్క గోడలు, అట్ట బొమ్మలు, ఇనుప పలకలు పెట్టి ఉంటాయి. నడుముకు తుపాకీ ఒరలో ఉంటుంది. పీక్ మని శబ్దం రాగానే లాగి, ఆ గోడల మధ్య పరుగెత్తుతూ, అన్నిటినీ కాల్చాలి. ఎంత బాగా తగిలింది, ఎంత తొందరగా అయింది, రెండూ చూస్తారు. తుపాకీ మాత్రం మనలాంటి బయటి దేశం వాళ్లకు సొంతంగా దొరకదు. క్లబ్బు వాళ్లే పొద్దున ఇచ్చి సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. తుపాకీ క్లబ్బుదైనా, దాని చుట్టూ ఉన్నదంతా మా ముదీరుది. బెల్టు, ఒర, కళ్లద్దాలు, చెవులకు పెట్టేవి, నేల పట్టుకునే బూట్లు, ఇవన్నీ పెట్టుకునే చక్రాల బ్యాగు. ఆ బ్యాగు లాగేది నేను.

నాకు ఇందులో ఏం పని అంటారా. ఆ ఏడాది నాకు అరవై నిండుతాయి. అరవై దాటినవాడికి మళ్లీ వీసా కొట్టించాలంటే మా కంపెనీలో ముదీరు సంతకం కావాలి. ఊళ్లో మా ఇంటికి స్లాబు పడింది, తలుపులు పడలేదు. ఇంకా రెండేళ్లు ఉంటేగాని ఆ ఇల్లు ఇల్లు కాదు. మా పిఆర్వో భాయి (నెల్లూరు మనిషి, వీసాల పని ఆయనదే, మంచివాడు, నోరు ఆగదు) నాతో అన్నాడు: "చాచా, సార్ మూడ్ బాగున్న రోజు చూసి ముందర పెడదాం. మ్యాచ్ ఒకటి పూర్తిగా ఆడి ఇంటికొచ్చిన రోజైతే ఇంకా మంచిది. ఇప్పటిదాకా ఒక్కటీ పూర్తి కాలేదు గదా."

నిజమే, పూర్తి కాలేదు. ఆ ఆటలో తరగతులు ఉన్నాయి. మొదటి తరగతిలో తుపాకీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలి, ఒరా తూటాల పెట్టెలూ తుంటి ఎముకకు వెనకే ఉండాలి. మా ముదీరుకు ఆ ఎముక ఎక్కడుందో కనిపెట్టడానికి క్లబ్బు వాళ్లకు చాలాసేపు పట్టింది. కనిపెట్టాక, అక్కడికి ఆయన చెయ్యి అందలేదు. "ఈ రూలు సన్నవాళ్లు రాసుకున్నది" అని అలిగి రెండో తరగతికి వెళ్లాడు. ఆ తరగతిలో తుపాకీని ఒక చిన్న పెట్టెలో పెట్టి మూత వేసి చూస్తారు. మూత పడితే సరి. ఈయన తూటాల గొట్టానికి (మ్యాగజైన్ అంటారు) అడుగున దుబాయ్ నుంచి తెప్పించిన లావుపాటి ఇత్తడి మడమ బిగించుకున్నాడు. మూత పడలేదు. అరచేత్తో గట్టిగా నొక్కాడు. అక్కడ తనిఖీ చేసే క్లబ్బు అధికారి మేడం, "సర్, ఇది సూట్‌కేసు కాదు, మీద కూర్చోకండి" అంది.

ఇక మిగిలింది మూడో తరగతి, దాని పేరు ఓపెన్. అందులో దాదాపు ఏం తగిలించుకున్నా ఒప్పుకుంటారు. ఎర్ర చుక్క కనబడే అద్దం, మూతికి పొగ పైకి పోయే కన్నాలు, బెల్టుకు తూటాల గొట్టాన్ని అంటించుకునే అయస్కాంతం. మా ముదీరు ముఖం చూడాలి అప్పుడు! కంపెనీ పెట్టిన రోజున కూడా అంత వెలుగు లేదు. "ఇదయ్యా ఆటంటే" అన్నాడు. ఈ తరగతి వాళ్ల ఒర పేరుకే ఒర. తుపాకీని ఒక్కచోట పట్టుకుని, మిగతాదంతా గాలికి వదిలేస్తుంది. జారకుండా పక్కన చిన్న తాళం లాంటి మీట ఉంటుంది. నడిచేటప్పుడు వేసుకోవాలి, గీత మీద నిలబడ్డాక తీసుకోవాలి. ఈ తరగతిలో మొదటి మ్యాచికి ముందు సాధనలో మా ముదీరు దాన్ని వేసేవాడే కాదు. "ఆ మీట తీసే టైమే నన్ను వెనక్కి లాగుతోంది" అనేవాడు. ముందున్నవాళ్లు పరుగెత్తి, కాల్చి, నీళ్లు తాగి కూర్చున్నాక ఈయన సగం దారిలో ఉండేవాడు. అయినా తప్పు మీటదే.

ఆ శనివారం (శుక్రవారం సెలవు శనివారానికి మారిన కొత్త, కాంపులో సగం మందికి ఏ రోజు ఏ రోజో తెలియని గందరగోళం) పిఆర్వో భాయి బండి నడిపాడు, నేను ఫ్లాస్కులో చాయ్ పోసుకుని వెంట వెళ్లాను. క్లబ్బులో అప్పటికే ఏసీల సేటు వచ్చి ఉన్నాడు. హైదరాబాద్ మనిషి, ఏసీల వ్యాపారం, మా ముదీరుకు ఈ ఆటలో పోటీ. సాధనలో ఇద్దరూ ఎప్పుడూ చివరి రెండు స్థానాల కోసం కొట్టుకుంటారు. ఇద్దరికీ మూతికి కన్నాలున్న తుపాకులే. సేటు మా ముదీరు బెల్టు చూసి, "క్యా బాత్ హై గుంటూరు సాబ్, మళ్లా కొత్త బెల్టా! నడుం మాత్రం పాతదే ఉంచిన్రు" అన్నాడు. "నీ బూట్లు చూసుకోవయ్యా సేటూ, వాటికి కూడా ఏసీ పెట్టించావా" అని ఈయన.

ఆ మాటకు తనే నవ్వి, నవ్వులో పొట్ట ఊగి, పొట్టతో బెల్టు ఊగి, తుపాకీ టప్ మని ఇసుకలో పడింది.

ఇక్కడ ఒక రూలు ఉంది. నాకు తర్వాత తెలిసింది. ఆటలో దిగకముందు తుపాకీ ఖాళీగానే ఉంటుంది, అది కింద పడితే తప్పు కాదు. కానీ ఆటగాడు దాన్ని తన చేత్తో ఎత్తుకుంటే ఆ రోజుకు ఖలాస్, బ్యాగు సర్దుకుని ఇంటికి పోవాలి. అధికారి వచ్చి ఎత్తి, చూసి, ఒరలో పెట్టాలి. మామూలు మనిషి ఎవడైనా తొందరపడి వంగుతాడు. మా ముదీరు వంగలేదు. ఆ రూలు రాసినవాళ్లు ఆయన్ని చూసే రాశారేమో అన్నంత నిటారుగా నిలబడ్డాడు.

వంగింది నేను.

ఎవరూ చెప్పలేదు. నా చెయ్యి దానంతటదే పోయింది. తీశాను, భుజం మీది తువ్వాలతో ఇసుక తుడిచాను, రెండు చేతుల్లో పెట్టి చాయ్ కప్పు ఇచ్చినట్టు, "సార్, ఇగో" అని ముందుకు చాచాను. మర్యాద కొద్దీ పిడి ఆయన వైపు, మూతి నా పొట్ట వైపు. నా వెనకున్న నలుగురు గభాల్న కింద కూర్చున్నారు. ఆయన చెయ్యి కూడా అలవాటుగా సగం వచ్చింది. "సార్! తాకద్దు!" అని పిఆర్వో భాయి అరిచిన అరుపుకు ఆయన రెండు చేతులూ పైకెత్తేశాడు, దొంగలకు దొరికినవాడిలా. మేడం పరుగెత్తుకొచ్చి నా చేతుల్లోంచి తుపాకీ తీసుకుని, ఖాళీయేనని చూసి, గడియారం చూసి, రాసుకుంది.

సేటు ఊరుకుంటాడా. "మేడం, రూలు రూలే. ఎత్తినోడు ఇంటికి పోవాలె."

"నేను తాకలా! అందరూ చూశారు, తాకలా!" అన్నాడు మా ముదీరు, చేతులు ఇంకా దించకుండా.

"మీ మనిషి తాకిండు గదా. బ్యాగు ఆయనే గుంజుతడు, నీళ్లు ఆయనే ఇస్తడు, చెమట ఆయనే తుడుస్తడు. బెల్టుకున్న అయస్కాంతం మీ సామాను అయితే, బెల్టు వెనక నడిచే మనిషి మీ సామాను కాదా?"

"అయితే ఏంటి? నాది ఓపెన్ తరగతి, ఏదైనా ఒప్పుకుంటారు!"

"సార్, ఆ ముక్క అనమాకండి" అని భాయి చెవిలో అన్నాడు. "అంటే చాచా మన సామాను అని ఒప్పుకున్నట్టే. సామాను ఎత్తితే మీరు ఎత్తినట్టే."

మేడం రూల్సు పుస్తకం తీసింది. బెల్టు గురించి ఉంది, ఒర గురించి ఉంది, తూటాల గొట్టం పొడుగు గురించి, ఆఖరికి బూట్ల అడుగున మేకుల గురించి కూడా ఉంది. చాయ్ మనిషి గురించి ఎక్కడా లేదు. ఆమె నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసింది. నన్ను కూడా పెట్టెలో పెట్టి మూత వేసి చూస్తారేమోనని నాకు అనుమానం వచ్చింది. చివరికి క్లబ్బు పెద్దాయన్ని పిలిచారు. అరబ్బు ముసలాయన, తెల్ల గడ్డం, హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. అందరి మాటలూ విని నా వైపు తిరిగాడు. "నువ్వు ఈయన మనిషివేనా?"

అప్పుడు అర్థమైంది నాకు, నేను ఎక్కడ ఇరుక్కున్నానో. అవునంటే ముదీరు ఇంటికి పోతాడు, ఆ కోపంలో నేను జగిత్యాల పోతాను. కాదంటే ఆయన ఆడతాడు. కానీ పదిమంది ముందు ఈయన మనిషిని కాదు అన్నవాడికి సోమవారం నాడు వీసా సంతకం ఎవరు పెడతారు? భాయి నా వైపు చూసి కళ్లు మూసుకున్నాడు. ముదీరు తల అడ్డంగా ఊపుతున్నాడు. సేటు నిలువుగా ఊపుతున్నాడు.

"ఆయన మనిషినే సాబ్" అన్నాను. "కానీ చెయ్యి నాది."

ఎందుకన్నానో తెలియదు. ఆలోచించి అన్నది కాదు. పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. "ఈయన ఎత్తమన్నాడా?"

"పదహారేండ్ల సంది ఎవరూ ఏదీ ఎత్తమనలేదు సాబ్. నేనే ఎత్తుతున్న."

ముసలాయన చాలాసేపు నవ్వాడు. తీర్పు ఇదీ: ముదీరు తాకలేదు, తాకమనలేదు, ఆడుకోవచ్చు. నేను మాత్రం తాడు అవతల, ఎండలో, ఎవరి తుపాకీకీ అందనంత దూరంలో కూర్చోవాలి. సేటు "ఇదేం న్యాయం" అని కాసేపు లొల్లి పెట్టి, మా ఫ్లాస్కులోని చాయే రెండు కప్పులు తాగి శాంతించాడు.

మా ముదీరు ఆ రోజు మొదటిసారి ఆట పూర్తి చేశాడు. ఆఖరి నుంచి రెండో స్థానం. సేటుది ఆఖరు. ఇంతకంటే మంచి మూడ్ ఇక రాదు. కానీ బండి ఎక్కాక సంతకం ఊసు రాలేదు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఆయన ఇల్లు దగ్గర పడుతోంది. నేను వెనక సీట్లో బ్యాగు పట్టుకుని, నా తలుపుల్లేని ఇంటిని తలుచుకుంటున్నాను.

"పెద్దాయనా" అన్నాడు ముదీరు, ముందుకే చూస్తూ. "అంతమందిలో చెయ్యి నాది అన్నావు. మరి మిగతాదంతా ఎవరిది?"

"మిగిలింది ఇంకో రెండేండ్లు మీ దగ్గర్నే ఉంటది సార్. సంతకం పెడితే."

భాయికి దగ్గు వచ్చింది. నిజం దగ్గు కాదు. ముదీరు విసుగ్గా అన్నాడు, "వచ్చే మ్యాచికి మాత్రం నువ్వు రాబాక. ఆఫీసులోనే ఉండు."

నన్ను వెలేశాడనుకున్నాను. అద్దంలో భాయి నన్ను చూసి ఇకిలించాడు. "చాచా, ముఖం అట్టా పెట్టబాకు. ఆఫీసులోనే ఉండు అన్నారు గదా. ఉండమన్నారయ్యా!"

సంతకం సోమవారం పడింది. ఇప్పుడు నాకు బాగానే చదవడం వచ్చు, రాయడం కూడా వచ్చు, చూస్తున్నారుగా. కానీ ఇప్పుడైతే చెయ్యి నాది అన్న ఆ మాట అనేవాణ్ని కాదు. నాలుగు అక్షరాలు పెరిగేసరికి మనిషికి ముందూ వెనకా చూసుకోవడం అలవాటవుతుంది, నోటి దాకా వచ్చిన మాటను దిద్దుకుంటాడు. రెండేళ్ల అక్షరాలవాడికి ఆ బాధ లేదు. వాణ్ని తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం అసూయా పుడుతుంది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: మా ముదీరు, చేతులు పైకెత్తుకుని. పిఆర్వో భాయి, కళ్లు మూసుకుని. ఏసీల సేటు, తల నిలువుగా ఊపుతూ. మేడం, పుస్తకం తిరగేస్తూ. క్లబ్బు పెద్దాయన. ఇసుకలో కూర్చుండిపోయిన ఆ నలుగురు, వాళ్ల ముఖాలు నాకు గుర్తులేవు, నా ముఖం వాళ్లు మరిచిపోయి ఉండరు. వీళ్లందరి మధ్యలో, రెండు చేతులూ చాచి, నేను.