నాన్న కంప్యూటరుకు నాలుగు పోర్టులు

మా ముత్తాత పదకొండు కొండ ఊళ్లకు ముఠాదారు. ఆయన కొడుకు, అంటే మా తాత, ముఠా అనే ఆ ఊళ్ల గుంపుకు ఆఖరి ముఠాదారు. శిస్తు వసూలు చేయడం, తగవు తీర్చడం, ఎవరి పోడు ఎక్కడిదాకానో చూపించడం మా ఇంటి పని. ఊరంతా వేటకు వెళ్లే ఇటుకల పండక్కి, పడిన జంతువు తొడ ముందు మా ఇంటికి వచ్చేది. ఆ తర్వాతే మిగతాది ఊళ్లో పంచుకునేవారు. ముఠాలు రద్దయ్యాక నాన్న ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. జనం తాతను దొర అన్నారు, నాన్నను బాబు అన్నారు. నన్ను సార్ అంటారు. బొర్రా గుహలు చూడటానికి వచ్చిన ప్రతివాడినీ అలాగే అంటారు.

అధికారం పోయినా, గట్టు తగాదా వస్తే కొండ మీది వాళ్లు నాన్న దగ్గరికే వచ్చేవారు. రిటైరయ్యాక ఆయన ఒక కంప్యూటరు కొని, విశాఖపట్నం నుంచి జీపులో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. అప్పటినుంచి ఏడేళ్లపాటు ఊరూరూ నడిచాడు. ముసలివాళ్ల పక్కన కూర్చుని ఎవరి కొండ ఏ బండ దగ్గర మొదలై ఏ గెడ్డ దగ్గర, అంటే ఏ వాగు దగ్గర, ఆగుతుందో నోటుపుస్తకాల్లో రాసుకొచ్చి, రెండు వేళ్లతో టైపు చేసేవాడు. ఒక పుస్తకం పూర్తిగా ఎక్కించాక దాన్ని నీళ్లు కాచే పొయ్యిలో వేసేవాడు. ఒకే గట్టుకు రెండు కాగితాలు పుట్టి, ఇద్దరు చెరొకటి పట్టుకొచ్చిన తగాదాలు ఆయన చాలా చూశాడు. అందుకే రాత ఒక్కచోటే ఉండాలన్నది ఆయన పట్టు. ఆ పట్టు నాకూ వచ్చింది.

పోయిన ఏడాది చలికాలం చివర, డుంబ్రిగుడ పైన ఉన్న ఒక గూడెం నుంచి ఒకామె వచ్చింది. ఆమె తాత మా తాత దగ్గర బారికి, అంటే ఊరూరా కబురు మోసే మనిషి. వాళ్ల కుటుంబం తరతరాలుగా సామలు, చోళ్లు వేసుకునే కొండకు ప్రభుత్వం పట్టా ఇస్తుందని, హద్దులు చూసే కమిటీ వస్తోందని చెప్పింది. హద్దులు తెలిసిన వాళ్ల నాన్న అంతకుముందు వానల్లో చనిపోయాడు. మా నాన్న రాసిపెట్టాడని ఊళ్లో ఎవరో చెబితే వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత ఒక మనిషి మా ఇంటికి గట్టు అడగడానికి వచ్చింది. దాచుకోవడం దేనికి, నాకు సంతోషం కలిగింది.

కంప్యూటరు పెట్టాను. మూలుగుతూ లేచింది. ఆమె తాత పేరుతో ఉన్న పేజీ దొరికింది. చదవడం మొదలుపెట్టాను. జంట బండల దగ్గర మొదలు. అక్కడినుంచి జీలుగు చెట్ల వరుస పట్టుకుని దిగాలి. దిగితే గెడ్డ. అక్కడికి వచ్చేసరికి ఆమె రవికలోంచి ఫోను తీసింది.

"ఫొటో తీసుకుంటాను సార్. అదే సాలు నాకు."

నేను తెరకు చెయ్యి అడ్డం పెట్టాను. ఫొటోలు వద్దని, కాగితం మీద అచ్చు తీసి, కింద నా సంతకం చేసి ఇస్తానని చెప్పాను. మా ఇంటినుంచి హద్దు బయటికి వెళ్లినప్పుడు ఎప్పుడూ సంతకంతోనే వెళ్లింది. కమిటీ రావడానికి ఇంకా పదిహేను రోజులున్నాయి. ఆమె ఫోను లోపల పెట్టుకుంది. నేను కంప్యూటరు ఆపేశాను.

చిక్కల్లా ప్రింటరుది. దాని కేబులు గుచ్చే పోర్టు, కంప్యూటరు వెనకవైపుది, నాన్న చనిపోయిన ఏడాది పిడుగుకు కాలిపోయింది. ఇప్పటి వస్తువులు పట్టే పోర్టు ఆ కంప్యూటరుకు ఒక్కటీ లేదు. అరకు స్టేషను దగ్గర జెరాక్స్ కొట్టు నడిపే మెకానిక్కును కబురు పెట్టి ఇంటికి రప్పించాను. విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ నడివయసు మనిషి. కంప్యూటరును చుట్టూ తిరిగి చూశాడు.

"దీనికి పింఛను వయసు దాటిపోనాది సార్. ఇప్పుడు డ్యూటీకి రమ్మంటే ఎలాగ?"

కొత్త పోర్టులు పెట్టగలవా లేదా అని అడిగాను. పెట్టొచ్చన్నాడు. తర్వాత నవ్వడం మానేసి చెప్పాడు.

"ఒక మాట సెప్తాను, ఇనండి. ముందు డిస్కు ఇప్పి నాకిచ్చేయండి. కొట్లో ఏరే మిషన్‌కి తగిలించి కాపీ తీసేత్తాను. తరవాత దీనికి పోర్టులేటి, రెక్కలు పెట్టమన్నా పెడతాను."

"మా ఇంటి రాత కొట్లోకి రాదు," అన్నాను.

అతను భుజాలు ఎగరేసి, వారం తర్వాత కొత్త పోర్టులున్న కార్డు, దానికి పట్టే ప్రింటరు తీసుకుని వచ్చాడు. ఆ రోజు ఆమెను కూడా రమ్మన్నాను. గోడవార పీట మీద కూర్చుంది. మెకానిక్కు మూత తీస్తే లోపల వేలు మందాన దుమ్ము, బల్లి గుడ్ల పెంకులు. బ్రష్షుతో ఓపిగ్గా తుడిచాడు. వెనక సన్నటి రేకు ఒకటి ఊడదీసి, దాని ఎదురుగా ఖాళీగా ఉన్న తెల్లటి గాడిలో కార్డు పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కి, మర బిగించాడు. నాలుగు పోర్టులు బయటికి కనిపించాయి. నాన్న ఉంటే టార్చిలైటు వేసి చూసేవాడు.

కంప్యూటరు పెట్టగానే కొత్త వస్తువు వచ్చినట్టు గుర్తించింది. దానికి కావలసిన సాఫ్ట్‌వేరు సీడీలోంచి ఎక్కించాడు. ఆపి మళ్లీ పెట్టమని కంప్యూటరు అడిగింది. పెట్టాడు. ప్రింటరుది ఎక్కించాక మళ్లీ అడిగింది. ఇలా పదేపదే ఆపి పెట్టడం పాత డిస్కుకు మంచిది కాదని, ఇప్పటికైనా ఆ ఒక్క పేజీ ఫోనులో తీసుకోనివ్వమని అన్నాడు. ఆమె నావైపు చూసింది. పది నిమిషాల్లో కాగితమే వస్తుందన్నాను.

అతను ఆపి మళ్లీ పెడితే, ఈసారి తెర నల్లగానే ఉండిపోయింది. లోపల టక్, టక్ మని గోటితో రేకును కొట్టినట్టు చప్పుడు. మెకానిక్కు స్విచ్చి ఆపేసి, కాసేపు చల్లారనిచ్చి, ఇంకోసారి ప్రయత్నించాడు. అదే చప్పుడు. తర్వాత డిస్కు పోయిందంటూ సామాన్లు సర్దుకున్నాడు. కార్డు మటుకు బాగానే పనిచేస్తోందని, అది ఉంచుకోమని చెప్పి వెళ్లాడు.

ఆమె లేచి చీర దులుపుకుంది. గొంతులో కోపం లేదు.

"ఆ దినం ఫొటో తీసుకోనిచ్చుంటే అయిపోను, సార్."

అవునని అనాల్సింది. నేను అనలేదు. డిస్కును పట్నం పంపిస్తే లోపలిది బయటికి తీసేవాళ్లు ఉంటారని చెప్పాను.

డిస్కు హైదరాబాదు పంపాను. జవాబు రాకముందే కమిటీ వచ్చింది. నేను కూడా కొండ ఎక్కాను. చదివినంతవరకు గుర్తున్నది తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చాను. జంట బండలు దొరికాయి. జీలుగు చెట్ల వరుస దొరికింది. గెడ్డ దగ్గర నిలబడి, తర్వాత ఎటు అని నన్నడిగారు. తెలియదని చెప్పాను. అవతలి ఒడ్డున ఆమెవాళ్లు కోసిన చోడి మోళ్లు మోకాలెత్తున కనిపిస్తున్నాయి. ఆ నేలకు హద్దు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆమెకు గెడ్డ వరకే పట్టా వచ్చింది. వాళ్ల నాన్నను పాతిపెట్టిన చోటు గెడ్డ అవతల ఉందని కొండ దిగేటప్పుడు, కార్డు బాగానే ఉందని మెకానిక్కు చెప్పినంత మామూలుగా చెప్పింది.

నెల తర్వాత డిస్కు తిరిగి వచ్చింది. లోపలి పళ్లెం గీసుకుపోయిందని, ఏమీ రాదని చీటీ పెట్టారు. విప్పి చూసినందుకు అయ్యే ఖర్చు వాళ్లు ముందే తీసుకున్నారు. ఆ డబ్బు కోసం, డిస్కు పంపేముందే, మా ఇంటి వీధి తలుపులు, చెక్కుడు పనున్న ద్వారబంధంతో సహా, అరకులో కడుతున్న ఒక రిసార్టుకు అమ్మాను.