గంజి పెట్టిన కెమెరా

పటమటలో మా ఇంటి ముందుగదిలో ఉన్న అద్దాల బీరువా తెరిస్తే పాత తోలు వాసన, పురుగు పట్టకుండా నేను వేసిన లవంగాల వాసన కలిసి గుప్పుమంటాయి. లోపలున్నవన్నీ పాతకాలం జర్మనీ ప్లేటు కెమెరాలు, ఫిల్ముకి బదులు గాజు ప్లేటు మీద ఫొటో తీసేవి. మడిస్తే పంచాంగమంత నల్లటి పెట్టె. ముందు పలక దించి లాగితే మడతలు మడతలుగా తోలుతిత్తి సాగి, దాని కొసన లెన్సు కన్ను తెరుస్తుంది. కొన్ని వన్‌టౌన్ పాతసామాన్ల కొట్లలో బేరమాడి కొన్నవి, కొన్ని ఏకంగా జర్మనీ నుంచి తెప్పించుకున్నవి. "నగలు కొనుక్కోవే అంటే డబ్బాలు కొంటుందండీ" అని వచ్చినవాళ్ళందరితో మా ఆయన నన్ను ఆటపట్టిస్తూనే, బీరువా తలుపు తనే తెరిచి చూపిస్తారు. కింది అరలోని కెమెరాని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వను. దాని దగ్గర ముక్కు పెడితే తోలు వాసన కింద సన్నగా పులిసిన గంజి వాసన వస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత ఎక్కడి గంజి అని మా ఆయన వాదిస్తారు. నాకు వస్తుంది, అంతే.

అది మా తాతయ్యది. పామర్రులో మాకు బట్టల కొట్టు, కొట్టు వెనక ఇల్లు, ఇంట్లో మగ్గాలు. ఎండ ఎక్కకముందే మా వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి, మగవాళ్ళు వరసగా నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తుంటే, ఆ తడిదారాల కిందుగా దూరి అవతలికి పరిగెత్తడం మా పిల్లల ఆట, తగిలిందంటే వీపు విమానం మోత. ఎండాకాలం గోరుతో గిల్లి జుర్రుకున్న తాటిముంజలు, కాలవకి నీళ్ళు వదిలిన రోజు వీధంతా కమ్ముకునే బురదవాసన, వానలు పట్టుకుంటే మగ్గం గుంట పక్కన అష్టాచెమ్మా, దసరాకి బందరు నుంచి వచ్చే తొక్కుడు లడ్డు, దాని నెయ్యి అంటిన చేత్తో చీరలు ముట్టుకోకుండా నాయనమ్మ పెట్టే కాపలా, ఇవన్నీ నాకు ఇప్పటికీ నిన్నటివే.

ఆ కెమెరా తాతయ్యకి మద్రాసులో నూలు కొనడానికి వెళ్ళినప్పుడు దొరికిందట. ఊళ్ళో అందరూ దాన్ని షావుకారుగారి డబ్బా అని నవ్వేవాళ్ళు. దాని వెనక అద్దంలో మనుషులు తలకిందులుగా కనపడతారు. చూసినవాళ్ళు తికమకపడేవాళ్ళు గానీ తాతయ్యకి అదో లెక్కలోది కాదు. "బుటా చీర తిరగేసే నేస్తాం కదే, ఇదీ అంతే" అనేవాడు.

మా కొట్టుకి కూచిపూడి నుంచి ఒక పంతులుగారు వచ్చేవారు. వయసంతా ఆడవేషం కట్టి ఆడిన మనిషి. ఆయన వేషాలకి చీరలు మా తాతయ్యే నేయించేవాడు. ఆయన నడిచొస్తుంటే మగ్గం మీది వాళ్ళు కూడా కాళ్ళాపి చూసేవారు. అలాంటి మనిషికి వేషంలో ఒక్క ఫొటో లేదు. ఒక ఏడు, మోకాళ్ళు మొరాయిస్తున్నాయని, ఆ దసరాకి చివరిసారి వేషం కడతానని చెప్పి, "చీర మీదే షావుకారుగారూ, ఫొటో కూడా మీరే తియ్యాలి" అన్నారు. తాతయ్య ముఖం వెలిగిపోయింది. డబ్బాలో పెట్టే గాజు ప్లేట్లలో తాతయ్య దగ్గర మిగిలింది ఒక్కటే. అలాంటివి అప్పటికే అంగళ్ళలో దొరకడం మానేశాయి.

ఆ వానల్లోనే తిత్తి మడతల దగ్గర చిరిగింది. తాతయ్య చిక్కటి నల్లగుడ్డ అతికాడు, అతికి ఊరుకోకుండా అలవాటు కొద్దీ దిట్టంగా గంజి పెట్టాడు. నేతవాడి చెయ్యి కదా, గంజి పెట్టని గుడ్డ ఆయన కంటికి గుడ్డే కాదు. కెమెరా బీరువాలోకి వెళ్ళింది, బొద్దింకలకి పండగైంది.

దసరాకి మా పెరట్లో పంతులుగారు నిలబడ్డారు. పొద్దుటి నుంచీ వేషం కడితే అప్పటికి పూర్తయింది. ముదురాకుపచ్చ చీర, భుజం మీంచి ముందుకు వేసుకున్న జడ. తాతయ్య నల్లగుడ్డ కప్పుకుని అద్దంలో చూసి సరిచేసుకుని, లెన్సు మూసి, అద్దం తీసి, ప్లేటు అందుకోవడానికి పక్కకి వంగాడు. ఇదే సందని నేను గుడ్డలోకి తల దూర్చాను. చీకటి పెట్టెలో చుక్కలు మిలమిలలాడుతున్నాయి.

"తాతయ్యా! లోపల చుక్కలు కనపడతన్నయ్!"

శుక్లాలు పట్టిన ఆయన కళ్ళకి అవి ఆనలేదు, కానీ నా మాట ఆనింది. తిత్తి తడిమి చూస్తే, గంజి రుచికి బొద్దింకలు కొట్టిన కన్నాలు వేళ్ళకి తగిలి, అరుగు మీద కూలబడ్డాడు. వెలుతురు చొరబడితే ప్లేటు పాడు, ఇంకో ప్లేటు లేదు, ఇంకో వేషమూ లేదు. పంతులుగారు చెమటకి రంగు కరక్కుండా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

వంటింటి గుమ్మంలోంచి నాయనమ్మ అంది: "ఏవండీ, మీ తలకి కప్పుకునే గుడ్డేదో దానికే కప్పరాదూ?"

కప్పాం. లెన్సు ఒక్కటీ బయటపెట్టి, తిత్తి చుట్టూ నల్లగుడ్డ చుట్టి, కిందివైపు కొసలు నేను బిగించి పట్టుకున్నాను. తాతయ్య ప్లేటు పెట్టి, లెన్సు తెరిచి మూశాడు.

ఫొటో వచ్చింది. పంతులుగారు చూసి "ఈవిడెవరో భలే ఉందండీ" అని నవ్వేశారు. ఒక్క కన్నంలోంచి మాత్రం వెలుతురు దూరింది. జడ మొదట్లో, చెవికి కాస్త పైన, తెల్లటి మచ్చ పడింది. తాతయ్య దాన్ని చూసుకుని బతికినన్నాళ్ళూ నొచ్చుకున్నాడు.

ఇప్పుడు పామర్రులో మా కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మగ్గాలు లేవు, వీధిలో పడుగు లేదు, పిల్లలకి కిందుగా దూరడానికి దారాలు లేవు. ఇన్ని కెమెరాలున్నా వాటిలో పెట్టడానికి నాకు ప్లేట్లు లేవు. ఏ కెమెరా కొన్నా ముందు లోపల టార్చి పెట్టి చుక్కల కోసం చూస్తాను, కన్నాలుంటే కొత్త తిత్తి వేయిస్తాను. తాతయ్య కెమెరాకి మాత్రం వేయించలేదు.

మొన్న దసరాకి కూచిపూడిలో ఆ పంతులుగారింటికి వెళ్ళాను. గోడ మీద ఆ ఫొటోకి దణ్ణం పెట్టి ఆయన మునిమనవరాళ్ళు గజ్జెలు కట్టుకుంటున్నారు. ప్రతి పిల్లా జడ మొదట్లో, చెవికి పైన, ఒకే ఒక్క తెల్ల నందివర్ధనం పెట్టుకుంది. ఎందుకమ్మా అని అడిగితే, చిన్నపిల్ల నన్ను వింతగా చూసి, "తాతగారు పెట్టుకున్నారు కదండీ, మా ఇంట్లో అందరం అలాగే పెట్టుకుంటాం" అంది.

గంజి సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను. పిల్ల తలలో పువ్వు కాస్త వెనక్కి జరిగి ఉంది. ఆ చోటు నాకన్నా బాగా ఎవరికి తెలుసు? "ఇంకొంచెం ముందుకమ్మా" అని, నేనే తీసి సరిగ్గా పెట్టాను.